పసుపు మూలల కార్డు

మా ఊరికి ఏడాది పొడుగునా వచ్చే ఉత్తరాలు రెండు చేతుల్లో ఇమిడిపోతాయి. బ్యాంకు నోటీసులు, పింఛను కాగితాలు, ఎప్పుడైనా ఒక కోర్టు సమను, అంతే. పదో తరగతి ఫలితాలు వచ్చాక మాత్రం కదిరి నుంచి వచ్చే తపాలా సంచి ఉబ్బిపోతుంది. ఈ ఏడు మా ఊళ్లో పరీక్ష రాసింది పదకొండు మంది. వాళ్లకు నలభై మూడు కవర్లు వచ్చాయి, అన్నీ కాలేజీల నుంచే. లెక్కల్లో తప్పిన గిరికి కూడా 'మీ అద్భుత విజయానికి అభినందనలు' అంటూ రెండు వచ్చాయి. వాడు వాటిని వాళ్ల నాయనకు చూపించి రెండు రోజుల పాటు తన్నులు తప్పించుకున్నాడు.

నేను ఈ ఊరి బ్రాంచి పోస్టుమాస్టర్ని. పేరు పుష్పావతి. పిల్లలంతా పోస్టత్తా అంటారు. ముద్ర కొట్టేదీ నేనే, ఇంటింటికీ తిరిగి పంచేదీ నేనే. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. నాకు కోపమెక్కువని ఊరంతా అంటుంది, నిజమే. మే నెల ఎండలో మధ్యాహ్నం రెండింటికి, చెప్పుల్లో కాళ్లు మాడుతుంటే, ఎవరూ చదవని రంగు కాగితాలు మోస్తూ తిరిగి చూడండి, మీకూ వస్తుంది. పిల్లల పేర్లూ చిరునామాలూ ఆ కాలేజీలకు ఎవరిస్తారో ఆ దేవుడికే తెలియాలి. మూడేళ్ల కిందట ఒక కాలేజీకి ఫోను చేసి అడిగాను కూడా. మీకూ అమ్మాయి ఉందా మేడమ్, ఏ గ్రూపు కావాలి అన్నాడు అటువైపువాడు. ఫోను పెట్టేశాను.

ఈసారి వచ్చిన నలభై మూడింటిలో పంతొమ్మిది ఒక్క సువర్ణకే. ఆ పిల్లకు ఆరు వందలకు ఐదు వందల డెబ్బై ఒకటి వచ్చాయి మరి. వాళ్ల నాయన సుంకప్ప గొర్రెల కాపరి. ఎండాకాలం వస్తే మా వైపు గడ్డిపోచ మిగలదు. అందుకని మందను తోలుకొని కాలవ నీళ్లుండే ఊళ్లకు పోతాడు. మళ్లీ నాలుగు వానలు పడితే గాని ఇంటి మొహం చూడడు. చేతిలో ఫోను ఉంటుంది, అందులో ఛార్జింగు ఎప్పుడుంటుందో గొర్రెలకే తెలియాలి. కాబట్టి ఇల్లంతా తల్లి కదిరమ్మ మీదే. కదిరమ్మకు చదువు రాదు. కానీ సంతలో గొర్రె నడుం మీద చెయ్యి వేసి ఎన్ని కిలోలుంటుందో చెప్పేస్తుంది, అర కిలో అటూ ఇటూ కాదు.

సువర్ణకు కావలసింది ఒకటే, ట్రిపుల్ ఐటీ. పల్లెల్లో సర్కారు బడిలో చదివిన పిల్లలకు మార్కులు చూసి సీటిస్తారు. ఆరేళ్లు అక్కడే ఉండి, తిని, చదువుకొని ఇంజనీరై బయటికి రావచ్చు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఆ పిల్ల ధ్యాసంతా దాని మీదే. అది రాకుంటే నాయన వెంబడి గొర్రెలు మేపుకుంటాను గానీ ఈ కవర్ల కాలేజీలకు పోను పోస్టత్తా, మొదటేడు ఊరికే అని చెప్పి రెండో ఏడు నాయన మందను అమ్మిస్తారు అనేది. పదహారేళ్ల పిల్లకు ఉన్న తెలివి పెద్దవాళ్లకు ఉండదు. వచ్చిన కవరును వచ్చినట్టే పొయ్యి దగ్గర పడేసేది. వాళ్లమ్మ దాన్ని ఏరి, కొంగుతో తుడిచి, దేవుడి గూట్లో పెట్టేది.

ఎందుకో చెప్పాలి. మా పల్లెల్లో పెండ్లి పత్రికకు నాలుగు మూలలా పసుపు రాసి, పైన పేరు రాసి, ఇంటికి తెచ్చి బొట్టు పెట్టి ఇస్తారు. అట్లా పిలిచాక ఆ ఇంటి నుంచి ఒక్కరైనా పోవాలి, పోయి తినాలి, వచ్చేటప్పుడు తాంబూలం తీసుకోవాలి. పోకపోతే ఆ రెండిళ్లకూ మాటలుండవు. ఇంకొకటి కూడా ఉంది. తాంబూలం పుచ్చుకొని మాట ఇచ్చాక మనసు మారితే, ఎవరి చేత్తో ఇచ్చారో వాళ్ల చేతికే దాన్ని తిరిగి ఇచ్చి రావాలి. అట్లా తెచ్చినదాన్ని అవతలివాళ్లు కాదనకూడదు. చేతిలోకి తీసుకున్నాక ఆ మాట తెగిపోయినట్టే, మనసులో ఏమీ పెట్టుకోకూడదు. కదిరమ్మ ఈ పద్ధతిలో పుట్టి పెరిగిన మనిషి. పేరు రాసి పంపిన కాగితాన్ని పొయ్యిలో పెట్టడం ఆమె వల్ల కాదు.

మే ఆఖరి వారంలో వచ్చింది ఆ కార్డు. టౌనులోని ఒక జూనియర్ కాలేజీది. పేరు చెప్పను, చెబితే అదీ వాళ్లకు ప్రచారమే. మందపాటి కార్డు, నాలుగు మూలలా పసుపు రంగు, పైన వినాయకుడు. 'చి. సువర్ణ విద్యా శుభారంభ వేడుకకు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మా ఆతిథ్యం స్వీకరించ ప్రార్థన' అని అచ్చువేసి, అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంట తేవలెను అని రాశారు. ఏ బుర్రలో పుట్టిందో గాని, మా జనం సంగతి బాగా తెలిసిన బుర్రే.

సువర్ణ అప్పుడు ఊళ్లో లేదు, గుమ్మఘట్టలో వాళ్ల అవ్వ దగ్గరికి పోయింది. కదిరమ్మ కార్డు తీసుకొని మూలలు తడిమింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు వాసన రావడం లేదే, పాతదేమో అంది. అది అచ్చు రంగు, ఇది పెండ్లి కార్డు కాదు, కాలేజీవాళ్ల వ్యాపారం అని చెప్పాను.

"పేరు రాసి పిలిచినారు కదక్కా. పోకుంటే ఏమనుకుంటారు?" అంది.

నాకు ఇంకా నాలుగిళ్లు మిగిలి ఉన్నాయి. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. "పో మరి. పోయి పప్పన్నం తిని రా. నువ్వు పోకుంటే వాళ్లకు పెండ్లే జరగదు" అన్నాను. ఎగతాళికే అన్నాను. ఎగతాళి అర్థం కాని మనిషి ముందు ఎగతాళి ఆడటం ఎంత తప్పో అప్పటికి నాకు తెలియలేదు.

జూన్‌లో కార్డులో వేసిన ఆదివారం రానే వచ్చింది. కదిరమ్మ పెండ్లిళ్లకు కట్టే చీర కట్టుకొని ఆటో ఎక్కింది. ఆటోలో ఎవరో కార్డంతా పైకి చదివారు, ఆ చీమ తలకాయ అక్షరాలతో సహా. వెంటనే ఆటో దిగి, ఇంటికి వెనక్కి నడిచి, ట్రంకు పెట్టెలో కూతురు దాచుకున్న సర్టిఫికెట్ల సంచి తీసుకొని మళ్లీ ఇంకో ఆటో ఎక్కింది. అక్కడ షామియానా, పన్నీరు, గుమ్మం దగ్గర బొట్టు. ఆకు వేసి వడ్డించారు. ఆ తర్వాత మైకులో ఒక్కో పిల్ల పేరూ మార్కులూ చదివారట.

"నా పేరు కూడా చదివినారక్కా, తల్లి కదిరమ్మ గారు అని. గారు అన్నారు" అని ఆమె తర్వాత నాతో చెప్పినప్పుడు నాకు కోపం రాలేదు. యాభై ఏళ్లు రాబోతున్న మనిషిని ఎవరూ ఎన్నడూ గారు అనలేదు. ఆ ఒక్క మాటకు ఆమె ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేసింది, సంచి ఇమ్మంటే ఇచ్చింది. సంచి తీసుకున్నది ఎలిజబెత్ అనే లెక్చరరమ్మ. ఒక చీటీ రాసిచ్చి, ఆకులూ వక్కలూ అరటిపండ్లూ రవికె గుడ్డా ఉన్న తాంబూలం చేతిలో పెట్టింది.

గురువారం పొద్దున సువర్ణ పోస్టాఫీసులోకి పరిగెత్తుకొచ్చింది. ముందురోజే అవ్వ ఊరి నుంచి వచ్చిందట. హెడ్‌మాస్టరు ఫోనులో ట్రిపుల్ ఐటీ జాబితా చూశారు. సువర్ణ పేరు ఉంది. సోమవారం పొద్దున తొమ్మిదికి ఇడుపులపాయలో కౌన్సెలింగు. ఒరిజినల్ సర్టిఫికెట్లు లేకుండా వచ్చినవాళ్ల సీటు తర్వాతివాళ్లకు పోతుంది. నేను ముద్ర కొట్టే సుత్తి కింద పెట్టి ఆ పిల్లను కావలించుకున్నాను. పోస్టాఫీసుకు తాళం వేసి వాళ్లమ్మకు చెప్పడానికి ఇద్దరం పోయాం. పనివేళల్లో తాళం వేయడం నా సర్వీసులో అది రెండోసారి.

కదిరమ్మ కూతురి బుగ్గలు పట్టుకొని నవ్వింది. సువర్ణ ట్రంకు పెట్టె తెరిచింది. బట్టలన్నీ తీసింది. అడుగున పరిచిన పేపరు కూడా తీసింది.

"అమ్మా, నా సంచి యాడ?"

"పెండ్లికి తీసుకొనిపోయినా గదమ్మా. ఆ కాలేజీ మేడం దగ్గర ఉండాది, భద్రంగా పెడతామన్నారు" అంటూ కదిరమ్మ దేవుడి గూట్లోంచి చీటీ తెచ్చి ఇచ్చింది. దాని మీద 'అడ్మిషన్ ఖరారైనది, సర్టిఫికెట్లు కోర్సు పూర్తయిన పిదప ఇవ్వబడును' అని ఉంది. సువర్ణ దాన్ని రెండుసార్లు చదివింది. ఏడవలేదు, అరవలేదు. ట్రంకు పెట్టెలో బట్టలు ఒక్కొక్కటే మడిచి మళ్లీ పెట్టింది. అన్నీ పెట్టి మూత వేశాక వాళ్లమ్మను చూడకుండా అంది.

"నిన్నెవురు పొమ్మన్నారుమ్మా?"

కదిరమ్మ నా వైపు చూడలేదు. నా పేరు చెప్పలేదు. పిలిచినారు, పోయినా అని మాత్రం అంది. నేనే చెప్పాను, పొమ్మన్నది నేనని. ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఇప్పటికీ ముల్లులాగే ఉంది.

కాలేజీకి ఫోను చేశాను. సర్టిఫికెట్లు కావాలంటే రెండేళ్లు చదివించి తీసుకొనిపొండి అన్నాడు అడ్మిషన్ల ఇన్‌ఛార్జి. పోలీసులకు చెబుతానన్నాను. వేలిముద్ర ఉంది, చెప్పుకోండి అన్నాడు. నేను గొంతు పెంచాను, వాడు ఫోను పెట్టేశాడు. హెడ్‌మాస్టరు మంచివాడు. పైఅధికారులకు ఉత్తరం రాస్తానన్నారు. ఉత్తరం ఎన్ని రోజులకు చేరుతుందో, చేరాక ఎన్ని రోజులు బల్ల మీద పడుకుంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

శనివారం ముగ్గురం టౌనుకు బయల్దేరాం. సమాచార హక్కు, కలెక్టరు, పత్రికలవాళ్లు అంటూ అనాల్సిన మాటలన్నీ నేను దారి పొడుగునా నోట్లో నూరుకుంటూనే ఉన్నాను. కదిరమ్మ ఒళ్లో స్టీలు పళ్లెం పెట్టుకొని, పైన తుండుగుడ్డ కప్పి కూర్చుంది. ఏమిటని తీసి చూశాను. వాళ్లు ఇచ్చిన రవికె గుడ్డ మడత విప్పకుండా ఉంది. దాని మీద కొత్త తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు, అరటిపండ్లు, ఒక టెంకాయ. తాంబూలం తిరిగి ఇచ్చి వద్దామక్కా అంది. నాకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. ఆ దొంగలకు తాంబూలమేమిటి అన్నాను. సువర్ణ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వాళ్లమ్మతో అప్పటికి రెండు రోజులుగా మాటల్లేవు.

కాలేజీ హాలులో పాతికమంది దాకా తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుని ఉన్నారు, చేర్పించడానికి వచ్చినవాళ్లు. ఇన్‌ఛార్జి పెద్ద బల్ల వెనక ఉన్నాడు. నేను నూరుకొచ్చిన మాటలన్నీ ఒక్కటీ మిగల్చకుండా అన్నాను. ఆయన చెవిలో ఏ మాటా దూరలేదు. అట్లాంటివి రోజుకు పది వింటాడు కాబోలు. ఫారం తీసి వేలిముద్ర చూపించి, ఇంక పొండి అన్నాడు. ఎదురుగా నిలబడి కోప్పడినా పని జరగకపోవడం ఇరవై ఆరేళ్లలో అదే మొదలు.

అప్పుడు కదిరమ్మ ముందుకు వచ్చి పళ్లెం మీది తుండుగుడ్డ తీసింది.

"సారూ, మీరు పిలిచినారు, వచ్చినా. అన్నం పెట్టినారు, తిన్నా. మీ ఇంటి రుణం నాకుండాది. పాపకు వేరే చోట రాసిపెట్టి ఉండాది. మీ తాంబూలం మీకు ఇచ్చి పోదామని వచ్చినా" అంది.

ఇన్‌ఛార్జి నవ్వాడు. "ఇదేమన్నా పెండ్లి సంబంధమా తల్లీ, తాంబూలాలు తిరిగి ఇచ్చేకి?"

కదిరమ్మ రవికెలోంచి ఆ కార్డు తీసింది. నాలుగు మడతలు పడి ఉంది. విప్పి, పసుపు మూలలు ఆయనకు కనబడేట్టు బల్ల మీద పెట్టింది.

"పెండ్లి కార్డు పంపింది మీరే గదప్పా. నేను కాదు గదా" అంది.

గొంతు పెంచలేదు. నిజంగానే అడిగింది, జవాబు కోసం. హాలంతా విన్నారు. మొదటి వరసలో కూర్చున్న ఒక తలపాగా పెద్దాయన లేచి బల్ల దగ్గరికి వచ్చి కార్డును చూశాడు, తన జేబులోంచి అట్లాంటిదే తీసి పక్కన పెట్టి చూశాడు. తెచ్చిన తాంబూలం వద్దంటారేమప్పా అని ఇన్‌ఛార్జిని అడిగాడు. వెనక నుంచి ఒకామె, అంటే మా పిల్లోళ్ల కాగితాలూ ఇయ్యరా అంది. నలుగురైదుగురు ఒళ్లో ఉన్న సంచులను దగ్గరికి లాక్కున్నారు. ఇన్‌ఛార్జి ముఖం మొదటిసారి మారింది.

పక్క బల్ల దగ్గర నుంచి ఒకామె లేచింది. ముప్పై ఏళ్లుంటాయి, మెడలో సన్నని గొలుసుకు శిలువ ఉంది. కదిరమ్మ ఆమెను గుర్తుపట్టి పళ్లెంతో అటు తిరిగింది. ఆమే ఎలిజబెత్. వృక్షశాస్త్రం చెప్పే మనిషి. ఎండాకాలం వస్తే చాలు, ఇరవై మంది పిల్లలను తెస్తేనే జూన్ జీతమని ఆ కాలేజీవాళ్లు లెక్చరర్లను ఊళ్ల మీదికి తోలతారని తర్వాత తెలిసింది. సువర్ణ ఆమె లెక్కలో రాసుకున్న ఇరవయ్యో పిల్ల.

ఇన్‌ఛార్జి, మేడమ్ మీరు కూర్చోండి అన్నాడు. ఆమె కూర్చోలేదు. కదిరమ్మ ముందుకు వచ్చి, రెండు చేతులూ చాచి పళ్లెం అందుకుంది.

"ఇచ్చింది నా చేత్తోనే సార్. తీసుకోవాల్సిందీ నేనే. మాది వజ్రకరూరు. మేము చర్చికి పోయేవాళ్లమే గానీ, తిరిగొచ్చిన తాంబూలం కాదన్న ఇల్లు మా వీధిలో కూడా లేదు" అంది. పళ్లెం తన బల్ల మీద పెట్టి, బీరువా తాళం తీసి, సువర్ణ సంచి తెచ్చింది. సోమవారం అవన్నీ హెడ్డాఫీసుకు పోవాల్సినవట. ఇన్‌ఛార్జి ఏదో అనబోయి, హాలు వైపు చూసి, బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

సువర్ణ అక్కడే నేల మీద కూర్చొని సంచి విప్పింది. మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్టు, కులం సర్టిఫికెట్టు, ఒక్కొక్కటీ తీసి చూసింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే లేచి వాళ్లమ్మ భుజం మీద తల పెట్టింది. కదిరమ్మ మాత్రం కూతురి తల నిమురుతూ ఎలిజబెత్‌తో, టెంకాయ లేతది తల్లీ, ఇయ్యాళే కొట్టు, పాడైపోతాది అని చెబుతోంది. మా వెనకాలే తలపాగా పెద్దాయన మనవడి చెయ్యి పట్టుకొని బయటికి నడిచాడు. ఇంకా ఎవరెవరు లేచారో నేను చూడలేదు, నా కళ్లూ సరిగా కనబడటం లేదు.

సోమవారం ఇడుపులపాయలో సువర్ణకు సీటు రాసిచ్చారు. వారం తిరిగేలోపు పిల్ల హాస్టలుకు పోయింది. వానలు పడి సుంకప్ప మందతో తిరిగి వచ్చాడు. సంగతంతా విని, ఏమక్కా, నువ్వు దండగనుకున్న తాంబూలమే పని చేసిందే అని నన్ను చూసి నవ్వాడు. పడ్డాను, ఏం చేస్తాను. ఎలిజబెత్‌ను ఆ నెలే మాన్పించారు. కదిరమ్మకు ఆ సంగతి తెలిసి రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ దసరాకు ముందు ఒక గురుకులంలో ఉద్యోగం దొరికిందని ఆమే నాకు ఫోను చేసి చెప్పింది. అక్కడ ఎండాకాలం పిల్లలను వెతకాల్సిన పని లేదు, పిల్లలే వస్తారు మేడమ్ అని నవ్వింది. కదిరమ్మ ఆ సాయంత్రమే ఆమెకు వేరుశనక్కాయల మూట కట్టి, పార్సిలు చేయమని నా దగ్గరికి తెచ్చింది.

నవంబరులో ఒకరోజు సంచిలో ఒక కవరు వచ్చింది. మీద చేతిరాతతో 'కదిరమ్మ గారికి' అని ఉంది. ఇన్నేళ్లలో కదిరమ్మ పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. మిగిలినవన్నీ బల్ల మీద వదిలేసి ముందు అదే పట్టుకొని పోయాను. ఆమె చేతులు కడుక్కొని తీసుకొని, కవరు చించింది. లోపల నోటు పుస్తకంలోంచి చించిన కాగితం, నాలుగు మూలలా పసుపు. ఒక మూల మరీ ఎక్కువై అక్షరాల మీదికి కూడా పాకింది.

కదిరమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు తీయలేదు.

"ఈ తూరి వాసన వస్తాండాది అక్కా" అంది.

నేను చదివి వినిపించాను. వచ్చే ఆదివారం తల్లిదండ్రులను పిలిచి పిల్లల మార్కులు చదువుతారట. సువర్ణ తన తరగతిలో మూడోది. మెస్సులో వంటామెను అడిగి పసుపు తీసుకొని రాశాను, నువ్వూ నాయనా తప్పక రావల్ల, పోస్టత్తను కూడా తోడు పిలుచుకొని రా అని రాసింది. కింద నా పేరు ప్రత్యేకంగా ఉంది. ఆ వాక్యం రెండోసారి చదవడానికి కొంచెం తడబడ్డాను.

కదిరమ్మ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టి, పెండ్లిళ్లకు కట్టే చీర బయటికి తీసి ఎండలో ఆరేసింది. నేను సంచి భుజాన వేసుకొని గడప దాటుతుంటే వెనక నుంచి అడిగింది, ఈ తూరి సర్టిఫికెట్లు ఏమన్నా తీసుకొని పోవల్లనా అక్కా అని.

ఏమీ వద్దు, మనం పోతే చాలు అన్నాను.